మన యింటి సామగ్రి: ఫిరంగి తోటా గొట్టము



ఈ మాసము మాకు వచ్చిన జాబులలో ఒకదానికి తక్కినవానికంటె దీర్ఘముగ బదులు వ్రాయవలసి వచ్చినది. ఆవకాయ జాడీలనుగూర్చియు, పట్టుచీరల మడతలనుగూర్చియు అడిగిన సోదరీమణులు మమ్ము మన్నింతురుగాక. వారి సంగతి వచ్చునెల.

గోదావరీతీరమున నొక గ్రామమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు ఇది. ఆమె మామగారికి తాతగారైన పెద్దమనిషి మొదటి ప్రపంచయుద్ధకాలమున మద్రాసు శాపర్ల దళములో పనిచేసి మెసపొటేమియా దేశమునకు వెళ్ళివచ్చిరట. వచ్చుచు ఫిరంగి తోటాయొక్క ఇత్తడి గొట్టము నొకదానిని తెచ్చిరట. దానిచుట్టును ఒక తీగెను, నాలుగు పువ్వులను, తన పేరును, 1917 అను సంవత్సరమును మేకుమొనతో చెక్కుకొనిరట. నాటినుండి ప్రతి దసరాకును ఆయుధపూజలో నాగలి, కొడవలి, కత్తిపీటలతోపాటు దీనినిగూడ పెట్టుచున్నారు. పెట్టుటకు ముందు చింతపండు, ఉప్పు, ఇటుకపొడి వేసి కొబ్బరిపీచుతో తళతళలాడునట్లు తోముట ఆ యింటి కోడండ్ర పని. నూఱేండ్లు ఇట్లు తోమగా తోమగా ఐదక్షరముల పేరులో ఇప్పుడు రెండక్షరములే కంటికి ఆనుచున్నవట. తీగె యెక్కడికో పోయినది. ఇప్పుడు అత్తగారు "ప్రాణములు తీసిన వస్తువు మనకేల? కంచరివానికి వేసి పిల్లదాని పెండ్లికి ఒక బిందె తెండు" అనుచున్నారు. భర్తగారు "పట్నములో యంత్రముమీద రుద్దించి అద్దమువలె చేయించి ముందుగదిలో పెట్టుదము" అనుచున్నారు. ఏమి చేయవలెనని ఆ సోదరి ప్రశ్న. దసరా ఇంక ఎంతో దూరము లేదు గనుక త్వరగ వ్రాయుడనియు కోరినారు.

అమ్మా, యంత్రముమీద మాత్రము రుద్దించవలదు. ఈ మాట ముందుగ చెప్పి తక్కినది నిదానముగ చెప్పెదము. ఆ యంత్రమున గిఱ్ఱున తిరుగు గుడ్డచక్రముండును. దానికి పూసిన రాపొడి ఇత్తడి పైపొరను కొంచెము కొంచెముగ గోకివేయును. మేకుతో చెక్కిన గీత లోతెంత? వెండ్రుకవాసి. నూఱు దసరాల ఇటుకపొడి తినగా మిగిలిన రెండక్షరములను ఆ చక్రము పావుగంటలో మ్రింగును. మెరుపు తగ్గినచో మరియొకనాడు తెచ్చుకొనవచ్చును గాని, పోయిన గీతను తెచ్చువారెవ్వరును లేరు.

ఇంతకును ఈ గొట్టమేమో తెలిసికొనిననేగాని దానిని శుభ్రపఱచు విధము తెలియదు. మన సోదరి కొలిచి పంపిన కొలతలు ఎత్తు 29 సెంటీమీటర్లకు కొంచెమెక్కువ, మూతి 8 సెంటీమీటర్లపైన. అడుగున 18 అను అంకె కలదట. దీనినిబట్టి అది ఆంగ్లసైన్యమువారి పదునెనిమిది పౌనుల ఫిరంగిదని చెప్పవచ్చును. అది విసరు గుండు బరువు సుమారు 18 పౌనులగుటచే ఫిరంగికాపేరు. మొదటి యుద్ధములో ఆంగ్లసైన్యమునకు ముఖ్యమైన ఫిరంగి యిదియే. ఆ యుద్ధములో దీనినుండి దాదాపు 10 కోట్ల గుండ్లు ప్రేల్చబడినవి. తోటాలో రెండు భాగములుండును. ముందుభాగము ఉక్కుగుండు. వెనుకభాగము ఈ ఇత్తడిగొట్టము. దానిలో కార్డైటు అను మందు నింపుదురు. మందు అంటుకొనగనే గుండు ముందుకు పోవును, గొట్టము వెనుకనే నిలిచి ఫిరంగి తెఱచినపుడు క్రింద పడును. పడినవానిని ఏరి ఓడలమీద తిరుగ కర్మాగారములకు పంపి మరల మందు నింపి వాడెడివారు. ఇత్తడి అంత విలువగలదై యుండెను. ఆ యేరుటలో తప్పిపోయినవే సిపాయిల సంచులలో చేరి ఇండ్లకు వచ్చినవి.

దీని లోహము నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగము. మందమైన గుండ్రని ఇత్తడిబిళ్ళను అచ్చులో నొక్కి గిన్నెవలె చేసి, కాల్చి మెత్తపఱచి, మరల ఇంకొక అచ్చులో లాగి, మరల కాల్చి, ఇట్లు పలుమారులు చేయగా ఆ పొడుగు వచ్చును. మన అజ్జరములోను, శ్రీకాకుళముకడ బుడితిలోను ఇత్తడిపని చూచిన సోదరీమణులకు ఈ సంగతి క్రొత్తగాదు. కంచరియు బిందె కొట్టునపుడు కొంతసేపు కొట్టి, మరల కొలిమిలో పెట్టి, మరల కొట్టును. కొట్టినకొలది ఇత్తడి బిఱుసెక్కును, కాల్చిన మెత్తనగును. ఫిరంగిగొట్టమున అడుగు బిఱుసు, మూతి మెత్తన. ఈ బిఱుసుతనము వలన వచ్చు చిక్కొకటి కలదు. దానిని ముందు చెప్పెదము.

చింతపండు నానబెట్టుటకు ముందు ఒక పరీక్ష చేయవలెను. ఇది మన సోదరి యొక్కతెకే గాదు, ఇండ్లలో ఇట్టి వస్తువులున్న వారందరికిని. గొట్టపు అడుగున నడుమ ఒక చిన్న ఇత్తడిబిళ్ళ మరబిగింపుతో నుండును. దానిని ప్రైమరందురు. ఫిరంగిలోని సూది దానిని పొడువగా నిప్పుపుట్టి పెద్దమందు అంటుకొనును. ఆ బిళ్ళ ఉండవలసినచోట ఖాళీరంధ్రమే యుండి, లోపల వెలుగుపెట్టి చూచినపుడు మసితప్ప మరేమియు కానరానిచో భయము లేదు. బిళ్ళ ఇంకను ఉన్నచో దానిని పొడువరాదు, కొట్టరాదు, కాల్చరాదు, మర విప్పుటకు యత్నింపరాదు. నడుమ సూదిపోటు గుంట యున్నదిగదా యని ధైర్యపడరాదు. పొడిచినను ప్రేలక నిలిచిపోయినవి కలవు. ఇక గొట్టమునకు ముందు ఉక్కుగుండు తగిలియున్నదా, దానిని అంటకయే పిల్లలను దూరముగ పంపి పోలీసువారికి, లేదా 112 సంఖ్యకు తెలుపవలెను. నూఱేండ్లనాటి మందైనను మందే. కాశ్మీరమున తోసామైదానను పచ్చికబయలు 1964 మొదలు 2014 వఱకు సైన్యమువారి ఫిరంగి అభ్యాసమునకు వాడబడినది. అక్కడ ప్రేలక నేలలో నిలిచిన గుండ్లవలన పశువులు మేపువారును, ఆడుకొను పిల్లలును ప్రాణములు కోల్పోయిరి. ఆ ఊళ్ళ తల్లుల నడిగిన ఈ హెచ్చరిక యెంత నిజమో చెప్పుదురు.

క్రొత్తగా పాతసామాను దుకాణములలో కొనువారికి మరియొక మాట. 1959 సంవత్సరపు ఆయుధముల చట్టము లైసెన్సు లేక మందుగుండు ఉంచుకొనుటను నిషేధించుచున్నది. ఆ చట్టములో మందుగుండను మాటకు దాని భాగములును చేరుచున్నవి. కాబట్టి ప్రైమరు లేనిదానినే కొని, రసీదు పుచ్చుకొని, పోలీసుస్టేషనులో ఒకమాట అడిగి యుంచుకొనుట మంచిది. దుకాణదారు "ఏమియు కాదమ్మా" అనుట మనకు రక్షగాదు.

మన సోదరి గొట్టమునకు అడుగున "బొటనవ్రేలు దూరునంత బొక్క" కలదని వ్రాసినారు. కావున భయము తీరినది.

ఆ అడుగుననే మరికొన్ని గుర్తులుండును. మూడుగీతల బాణపు గుర్తు ఆంగ్లప్రభుత్వపు సొత్తని తెలుపును. చేసిన కర్మాగారపు పొడియక్షరములు, చేసిన సంవత్సరము అచ్చుకొట్టబడి యుండును. సి, ఎఫ్ అను రెండు ఆంగ్లాక్షరములు కార్డైటు పూర్తిపాలు నింపిరని తెలుపును. ఇవి లోతుగ అచ్చుకొట్టినవి గనుక ఇన్నేండ్లకును నిలిచినవి. ఇంటివారు సాధారణముగ అడుగును తోమరు. అదియు ఒక మేలైనది. ఈసారియు అడుగును తోమవలదు, మెత్తనిగుడ్డతో దుమ్ము దులిపిన చాలును.

తాతగారు వెళ్ళిన మెసపొటేమియాయే నేటి ఇరాకు. మొదటి యుద్ధములో సుమారు 13 లక్షలమంది భారతీయులు సముద్రము దాటి వెళ్ళిరి. వారిలో ఎక్కువమంది చేరినది ఆ ఎడారికే. అక్కడ కూత్ పట్టణములో ముట్టడింపబడిన సైన్యము ఆకలికి తాళలేక 1916 ఏప్రిల్ 29వ తేదీన లొంగిపోయినది. మరుసటియేడు మార్చి 11వ తేదీన ఆంగ్లసైన్యము బాగ్దాదు ప్రవేశించినది. శాపర్లనగా తుపాకికంటె పారతో ఎక్కువ పనిచేయువారు. వంతెనలు కట్టుట, బాటలు వేయుట, కందకములు త్రవ్వుట వారి విధి. మన తెలుగువారు తరతరములుగ ఆ దళములో చేరుచు వచ్చినారు. పగలెల్ల టైగ్రిసు నదిమీద వంతెన కట్టినచేతులు రాత్రి తీరికవేళ మేకుతో తీగెలు చెక్కినవన్నమాట. ఇట్టిపని ఆ యుద్ధములో దేశదేశముల సిపాయిలు చేసిరి. చెక్కునపుడు గొట్టము సొట్టపడకుండ లోన ఇసుకయో సీసమో పోసెడివారు. మన పెంబర్తి శిల్పులు ఇత్తడిరేకును కొట్టునపుడు మెత్తని ఆధారమును అమర్చుకొనుటయు ఇట్టి యుపాయమే.

ఇక్కడ ఒక సంగతి చెప్పక ముందుకు సాగుటకు మాకు మనసొప్పదు. ఈ గొట్టములు నింపినవారెవరు? పురుషులు యుద్ధమునకు పోగా ఆంగ్లదేశమున మందుగుండు కర్మాగారములలో లక్షలకొలది స్త్రీలు పనికి చేరిరి. గుండ్లలో నింపు టి.ఎన్.టి. అను మందు తగిలి వారి చర్మము పసుపుపచ్చనయ్యెడిది. జనులు వారిని పసుపుపిట్టలని పిలిచిరి. మన పసుపు మంగళము, వారి పసుపు విషము. 1916 డిసెంబరు 5వ తేదీ రాత్రి లీడ్సు పట్టణముకడ బార్న్‌బో కర్మాగారమున గుండొకటి ప్రేలి 35 మంది స్త్రీలు మరణించిరి. యుద్ధకాలమగుటచే నాటి పత్రికలలో ఆ వార్త సరిగ వెలువడలేదు. మిగిలినవారు వెంటనే తిరిగి పనిలో దిగిరి. గోదావరియొడ్డున అటకమీదనున్న గొట్టమునకు ఆ స్త్రీల చేతులును తగిలియుండవచ్చును. అత్తగారు "ప్రాణములు తీసిన వస్తువు" అన్నమాట తీసిపాఱవేయదగినది కాదు. గొట్టము ఫిరంగిని విడిచి పోలేదనియు, పోయినది గుండేననియు వాదించి అత్తగారి నోరు మూయింపవచ్చును. కాని అది వకీలు వాదము. గుండును పంపినది దీనిలోని మందే. ఐనను దీనిని కరగించిన పోయిన ప్రాణములు తిరిగిరావు, తాతగారి వ్రాత మాత్రము పోవును. పెండ్లిబిందెకు ఇత్తడి ఏ అంగడిలోనైనను దొరకును. అత్తగారికి ఇది వినయముగ చెప్పవలెను. పూజలో పెట్టుట వారికి ఇష్టము లేనిచో పూజలో పెట్టవలదు. చదువుగదిలో పుస్తకముల ప్రక్కను పెట్టినను ఆ పెద్దమనిషికి గౌరవమే.

ఇక పనిలోనికి వత్తము.

మొట్టమొదట పోయినవనుకొన్న అక్షరములను వెదకవలెను. రాత్రి గది చీకటిచేసి, గొట్టమును బల్లమీద పడుకోబెట్టి, సెల్‌ఫోను దీపమును ఎదురుగా గాక ప్రక్కనుండి, ఇత్తడికి దాదాపు ఆనించి పట్టవలెను. పగటి వెలుగులో కానరాని గీతలు ప్రక్కవెలుగులో నీడపట్టి పైకి లేచును. గొట్టమును మెల్లగ దొర్లించుచు, వెలుగును త్రిప్పుచు ఛాయాచిత్రములు తీయవలెను. ఒకచోట ఒకగీత, మరియొకచోట ఒక కొమ్ము కానవచ్చును. అన్నియు కలిపి చూచిన అక్షరము తేలును. శాసనములు చదువువారు రాళ్ళమీద చేయుపని యిదియే. పిమ్మట పలుచని కాగితమును గొట్టమునకు చుట్టి, మెత్తని పెన్సిలును పడుకోబెట్టి తేలికగ రుద్దిన గీతలు తెల్లగ నిలుచును. ఈ రెండు పనులును తోముటకు ముందే చేయవలెను. ఏలన, గీతలలో ఇరుకుకొనిన నల్లమకిలియే కొన్నిచోట్ల అక్షరమును మనకు చూపుచుండును. మేము చెప్పునది విని నవ్వకుడు: ఇంటిలో పదేండ్ల పిల్లయున్నచో ఈ పని ఆమె కప్పగింపుడు. చిన్నకన్నులకు కానవచ్చినంత మనకు కానరాదు. పైగా ముత్తాతగారి తండ్రిపేరు ఆ పిల్ల జన్మలో మఱవదు.

తరువాత కడుగుట. కుంకుడుకాయలు గోరువెచ్చని నీటిలో నానబెట్టి పిసికి వడకట్టిన రసముతో మెత్తని నూలుగుడ్డ తడిపి జిడ్డును, పసుపుకుంకుమల మరకలను తుడువవలెను. లోపలి మసిని తీయునపుడు చేతికి రబ్బరు తొడుగులుండవలెను. పాతమందుల మసిలో సీసము, పాదరసమువంటి విషలోహములు కలిసియుండును. ఈ కారణముచేతనే ఇట్టి గొట్టమున నీళ్ళు త్రాగుట, పప్పుదినుసులు పోయుట, పూజాతీర్థము పట్టుట ఎన్నడును కూడదు. పువ్వులు పెట్టదలచినవారు లోపల సన్నని గాజుగ్లాసు దించి దానిలో నీళ్ళు పోయవలెను.

కడిగి ఆరబెట్టిన పిమ్మట ఎంత మకిలి తీయవలెనో నిర్ణయింపవలెను. గోధుమవన్నెతో నిగనిగలాడు పాతపొర ఇత్తడికి కీడుచేయదు, పైగా కవచము. దానిని ఉంచుడని మా సలహా. తీయవలసినది ఆకుపచ్చని కిలుము. సముద్రపుగాలి తగులు ఊళ్ళలో ఆ కిలుము పొడివలె రాలుచుండిన, అది ఉప్పు చేరినందువలన పుట్టిన వ్యాధి. దానిని తుడిచిన చాలదు, వేళ్ళతో తీయవలెను.

ఇక్కడనే మన చింతపండును, ఉప్పును విడదీయవలసియున్నది. చింతపండులో పులుపునకు కారణమైన టార్టారిక్కామ్లము కిలుమును కరిగించును, అది మంచిపనియే. ఉప్పు వేసిన పని తొందరగ నగును గనుక మన పెద్దలు రెండును కలిపిరి. దినమును తోముకొను చెంబునకు అది చెల్లును. కాని చెక్కడమున్న పాతవస్తువునకు ఉప్పు వలదు. గీతలలోను, అడుగు అంచు మలపులోను ఉప్పు దాగి, తేమ తగిలినప్పుడెల్ల మరల కిలుము పుట్టించును. కాబట్టి ఉప్పులేని పలుచని చింతపులుసులోగాని, నిమ్మరసము కలిపిన నీటిలోగాని దూది ముంచి, కిలుమున్నచోటనే అద్ది, రెండుమూడు నిమిషములకొకసారి తుడిచి చూచుకొనుచు చేయవలెను. గొట్టమును పులుసులో ముంచి రాత్రియెల్ల ఉంచుట కొందఱి యలవాటు. తెల్లవారునప్పటికి ఇత్తడి గులాబిరంగు తిరిగియుండును. అది మెరుపు కాదు. పులుపు తుత్తునాగమును లాగివేయగా పైన రాగి మాత్రము మిగిలినదని గుర్తు. పని ముగియగనే మంచినీటితో నాలుగైదుమారులు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మధ్యాహ్నపు ఎండలో గంటసేపుంచవలెను.

తోముటకు ఇటుకపొడి కూడదని వేఱుగ చెప్పనక్కరలేదు. కొందఱు సోదరీమణులు "మేము ఇటుకపొడి వాడము, బూడిదయే వాడుదుము" అందురు. ఊకబూడిదలో నిండియున్నది ఇసుకజాతి పదార్థమే; అది ఇటుకపొడికి తమ్ముడు. రాతిముగ్గుపిండియు అట్టిదే. తప్పనిసరియైనచో మెత్తగ నూరి వస్త్రకాయము పట్టిన సీమసుద్దపొడిని రెండుచుక్కల నువ్వులనూనెతో కలిపి, పాత నూలుచీర ముక్కతో, చెక్కడము లేనిచోట మాత్రమే, ఒకేదిక్కుగ, తేలికగ రుద్దవలెను. చెక్కడముమీదికి ఆ గుడ్డ పోరాదు.

ఇప్పుడు ముందు చెప్పెదమన్న చిక్కు. ఇది ఆంగ్లసైన్యమువారికి మనదేశముననే ఎదురైన చిత్రమైన కథ. వానకాలమున దండ్లు కదలవు గనుక తోటాలను గుఱ్ఱపుసాలలలో నిలువచేసెడివారట. వానలు వెలిసి తీసిచూచునప్పటికి ఎవ్వరును ముట్టని ఇత్తడితోటాలు నిలువునా బీటలువాఱి యుండెడివి. ఋతువుతోపాటు వచ్చెడివి గనుక వానిని ఋతుబీటలనిరి. చాలకాలము కారణమెవ్వరికిని తోచలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు దానిని తేల్చిరి. గుఱ్ఱముల మూత్రమునుండి పుట్టు అమ్మోనియా వాయువు, వానకాలపు తేమ, అచ్చులో లాగునపుడు ఇత్తడిలో నిలిచిపోయిన బిగువు, ఈ మూడును కూడినచో ఇత్తడి పగులునని చెప్పిరి. పిమ్మట తోటాలను తగుమాత్రపు వేడిలో ఉంచి ఆ బిగువు సడలించు పద్ధతి వచ్చినది.

ఇది మన యిండ్లకెట్లు తగులునందురా? పశువుల కొట్టమున పంచితపు ఘాటు ముక్కునకు తగులునుగదా, అది అమ్మోనియాయే. కొట్టపు అటకమీద ఇత్తడిసామాను దాచు అలవాటు పల్లెలలో నేటికిని కలదు. అంగడిలో అమ్ము మెరుగుద్రవములలో కొన్నింటను, నేలలు గాజులు తుడుచు ద్రవములలో కొన్నింటను అమ్మోనియా కలియును. మూత తీసిన ముక్కు మండినచో అట్టిది ఫిరంగిగొట్టముమీద పోయవలదు. కళాయి పెట్టువాడు వాడు నవాసాగరమునను అమ్మోనియాజాతి యుప్పే యున్నది. కావున దీనికి లోపల కళాయి పెట్టింపవలదు. మన బిందెలకును ఈ బాధ కొంత కలదు గాని, ఫిరంగిగొట్టమునకు బిగువెక్కువ గనుక భయమును ఎక్కువ. మన సోదరి మూతికడ "వెండ్రుకవంటి చీలిక" యొకటి కలదని జాబుచివఱ వ్రాసినారు. ఆమె దానిని చిన్నదిగ ఎంచినారు. మేము దానిని పెద్దదిగ ఎంచుచున్నాము. చీలిక కొనలవద్ద పెన్సిలుతో చిన్నచుక్క పెట్టి, ఆఱునెలలకొకసారి చూచుచుండవలెను. చుక్క దాటి సాగినచో ఆ వస్తువు ఉన్నచోటు మార్చవలెను. మాటు వేయించుటకు కంచరికడకు పరుగెత్తవలదు. కొలిమివేడికి చీలిక పెరుగవచ్చును, అక్షరములు కరగిన మాటులోహము క్రింద మునుగవచ్చును. మూతికడనున్న సొట్టలను గూడ అట్లే విడువుడు. అవి ఆ ఎడారినుండి వచ్చినవేమో ఎవరెఱుగుదురు?

అరిగిన పేరును కంసాలిచేత మరల చెక్కించిన నేమి యని ఆ సోదరి భర్తగారికి తోచవచ్చును. వలదు. క్రొత్తచెక్కడము కంసాలి దస్తూరి యగును గాని తాతగారిది కాదు. చెక్కినపుడు మిగిలిన రెండక్షరములును పోవును. ప్రక్కవెలుగులో తేలిన పేరును, ఊరును, దళపు పేరును, ఇంటివారికి తెలిసిన కథను మంచికాగితముమీద సిరాతో వ్రాసి, చుట్టి, గొట్టము లోపలనే ఉంచుడు. అత్తగారికి తెలిసినంత కోడలికి తెలియదు, కోడలికి తెలిసినంత మనుమరాలికి తెలియదు. కావున అత్తగారు చెప్పగా కోడలు వ్రాయుట మేలు. బిందె మాటయు ఆ సందర్భముననే తేలిపోవచ్చును.

కడపటిపని మైనము. తేనెమైనము ఒకపాలు, టర్పెంటైను తైలము మూడుపాళ్ళు కలిపి, పొయ్యిమీద గాక వేడినీళ్ళగిన్నెలో మూతపాత్ర నుంచి కరగింపవలెను. టర్పెంటైను ఇట్టే అంటుకొనును గనుక ఆ సమయమున దగ్గఱ దీపముగాని మంటగాని ఉండరాదు, కిటికీలు తెఱచియుంచవలెను. చల్లారిన పిమ్మట వెన్నవలె నగును. దానిని గుడ్డతో పలుచగ రాచి, అరగంట ఆగి, పొడిగుడ్డతో మెఱుగుపెట్టవలెను. చెక్కడములోనికి కుచ్చుబ్రష్షుతో ఇంచుక అద్దవలెను. ఈ పూత ఏడాదికొకసారి చాలును. ఆయుధపూజలో గంధకుంకుమలు పెట్టదలచినచో ఈ మైనముమీదనే పెట్టి, మరునాడు తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చిన మరకపడదు, తోముటయు తప్పును. వార్నీషు వేయింపవలదు. అది ఒకచోట పెచ్చులేచిన అక్కడినుండి కిలుము లోలోపల ప్రాకును, మనకు కానరాదు.

పెట్టుచోటు గాలి తగులునదై, స్నానపుగదికిని కొట్టమునకును దూరమై యుండవలెను. వార్తాపత్రిక కాగితములో చుట్టి పెట్టెలో దాచుట మంచిదికాదు. ఉతికిన తెల్లని నూలుగుడ్డ చాలును. పట్టుకొనునపుడు చెమటచేతులు తగిలిన మరునాటికి వ్రేలిముద్రలు నల్లగ తేలును, కావున గుడ్డతో పట్టుకొనుడు. మైనము కొలతలలో సందేహమున్నవారు జాబు వ్రాయుదురుగాక. చీలిక సాగినదో లేదో ఆ సోదరి ఆఱునెలలకు మాకు తెలుపవలెనని కోరుచున్నాము.